రికార్డుల మీద బొట్టు

మా ఆయన బతికున్నన్నాళ్లూ నాకు ఒకటే మాట చెప్పాడు.

"నేను పోయినా నీకేం ఫికరు లేదు. గీ రికార్డులే నీకు బువ్వ పెడ్తయ్."

ఫ్రిజ్ కొందామంటే అదే మాట. వాన పడితే కారుతున్న పైకప్పు బాగు చేయిద్దామంటే అదే మాట. చివరికి దవాఖానలో మంచమ్మీద, ముక్కులో గొట్టం ఉన్నప్పుడు కూడా అదే మాట. నేను ఒక్కనాడూ నమ్మలేదు. నమ్మకపోయినా, ఆయన పోయాక ఆ మాటను నిజం చేసే పని మాత్రం నా నెత్తిన పడింది.

ఆయనది మైకు సెట్టు. ఇప్పటి పిల్లలకు డీజే తప్ప ఇంకోటి తెలియదు కాబట్టి చెప్పాలి. పెళ్లయినా, బోనాలయినా, ఎవరింట్లో ఆడపిల్ల పెద్దమనిషయినా ముందురోజే మైకు సెట్టు వాడు ఆ ఊళ్లో దిగాలి. ఎత్తుగా ఎక్కడ వీలైతే అక్కడ రేకు హారన్లు కట్టి, పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని, తెల్లారకముందే గ్రామఫోన్ రికార్డు తిప్పాలి. ఫలానా ఊళ్లో పెళ్లి ఉందని పక్క ఊరికి తెలిసేది అలాగే. చేర్యాల, కొండపాక, మద్దూరు, ఎటు చూసినా మా ఆయన హారన్లు మోగని ఊరు లేదు. మా బిడ్డ పుట్టిననాడు కూడా మద్దూరు పక్కన ఎవరి పెళ్లిలోనో ఉన్నాడు. కబురందినా అప్పగింతలు అయ్యేదాకా కదల్లేదు. "నేను నడుమ లేచొస్తె పెండ్లి మూగవోతది గదనే" అన్నాడు, తీరా వచ్చాక. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించాడో లేదో కూడా నాకు తెలియదు.

క్యాసెట్లు వచ్చాక మిగతా మైకు సెట్టు వాళ్లంతా రికార్డుల్ని వదిలించుకున్నారు. కొందరు పాత సామాన్ల వాడికి తూకానికేశారు. ఒకాయన వేడినీళ్లలో ముంచి, గిన్నెల్లా వంచి, పూలకుండీలు చేశాడు. అందరూ వదిలించుకుంటుంటే మా ఆయన తగిలించుకున్నాడు. కొండపాకలో సెట్టు మూసేసిన వాళ్ల దగ్గర ఒక ట్రంకుపెట్టె, చేర్యాలలో ఇంకెవరి దగ్గరో బస్తాలకు బస్తాలు. బస్సు మీద వేసుకుని తెచ్చి, కొత్త కోడల్ని దింపినట్టు మెల్లగా దింపేవాడు. వాటికి పైసలు ఎక్కణ్ణుంచి వచ్చేవని మీరు అడగకండి. నేను జాకెట్లు కుట్టేదాన్ని.

తర్వాత క్యాసెట్లూ పోయాయి, సీడీలూ పోయాయి. డీజే బాక్సులొచ్చి ఇంటి కిటికీలు అదరగొడుతున్నాయి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మా కిరాయి దుకాణంలో ముందు సగం నా కుట్టుమిషన్, వెనక సగం ఆయన రికార్డులు. ఆయన పొద్దున వచ్చి ఒక్కొక్కటే కవర్లోంచి తీసి, మల్లు గుడ్డతో తుడిచి, మళ్లీ కవర్లో పెట్టేవాడు. ఇల్లు ఏ సగంతో గడిచిందో నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఆయన పోయేనాటికి నా కళ్లు సూదిలో దారం ఎక్కించడానికి కూడా మొరాయిస్తున్నాయి. ఆ రికార్డులు నిజంగా బువ్వ పెడితే ఇక మిషన్ తొక్కక్కర్లేదు. పెట్టకపోతే ఆయన చెప్పిందంతా ఒట్టి మాటేనని, ఆ ఒట్టి మాటను పట్టుకుని నేను ఓ జీవితం వెళ్లదీశానని తేలిపోతుంది. అమ్మకానికి దిగినప్పుడు నా గుండెలో ఉన్నది ఈ ఒక్క ప్రశ్నే.

మొదట మా దుకాణం ముందు నుంచి రోజూ పోయే పాత సామాన్ల వాణ్ణి అడిగాను. వాడు ఒక రికార్డును గోటితో టకటకా కొట్టి, "గిది ఇనుము గాదు, ప్లాస్టిక్ గాదు, ఎవ్వలు తీసుకోరమ్మా" అన్నాడు. "అయినా ఉత్తగ ఇస్తనంటె పట్టుకవోత" అని కూడా అన్నాడు. వాణ్ణి తిట్టిన తిట్టు ఇక్కడ రాయడం బాగుండదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బిడ్డ ఓ ఆదివారం రైలెక్కి వచ్చి, ఫొటోలు తీసి ఫోన్‌లో అమ్మకానికి పెట్టింది. ఇక చూడండి, ఆ ఫోన్‌కు ఊపిరాడలేదు. ఒకడు "లాస్ట్ రేటెంత" అంటాడు, మొదటి రేటు అడగకుండానే. ఇంకొకడు పాటలు వద్దు, అట్ట కవర్లు మాత్రం ఇమ్మంటాడు. ఒకామె రోజూ పొద్దున్నే "ఉన్నాయా?" అని అడిగి మాయమైపోయేది. ఉన్నాయమ్మా తల్లీ, ఎక్కడికి పోతాయి, నా ప్రాణానికి ఉన్నాయి.

అడిగినవాళ్లందరి దగ్గరా నేను మాత్రం వదలకుండా సంగతులు లాగాను. కొన్ని నెలలు తిరిగేసరికి ఈ బేరం లోతుపాతులు నాకు వంటబట్టాయి. రికార్డులు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. తడిగుడ్డ తగలనివ్వకూడదు. ఊరంతా విన్న సినిమా పాటలకు ధర రాదు, అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. నాటకాల పద్యాలు, బుర్రకథలు, ఒగ్గుకథలు, కొద్దిగా అచ్చయి ఆగిపోయినవి ఉంటాయే, అసలు ధర వాటికి. అన్నీ కలిపి గంపగుత్తగా ఇచ్చేస్తే మోసపోయినట్టే. మంచివి వేరు చేసి, వాటి విలువ తెలిసినవాడికి చూపించి, మిగతావి తర్వాత ఇవ్వాలి. ఆ నాటకాలూ ఒగ్గుకథలూ మా ఆయన దగ్గర పెట్టెల నిండా ఉన్నాయి. అది తెలిసిననాడు మొదటిసారి ఆ మనిషి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. రాత్రి కూరలో ఇంకో చెంచా నూనె వేసుకున్నాను.

అలా వెతగ్గా వెతగ్గా దొరికాడు హైదరాబాదు పెద్దాయన. పాత రికార్డులు కొంటాడు, అమ్ముతాడు, తనకు నచ్చినవి దాచుకుని వింటాడు. కారేసుకుని సిద్దిపేట వచ్చాడు. మా దుకాణంలో చాప మీదే కూర్చున్నాడు, కుర్చీ వద్దన్నాడు. రికార్డును రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా వంచి చూశాడు. మా ఆయన కూడా అచ్చం అలాగే పట్టుకునేవాడు.

"ఒక్క గీత లేదమ్మా. ఇంత బాగా దాచినవాళ్లను నేను చూడలేదు" అన్నాడు. నా గుండె పొంగింది. ఆ వెంటనే రికార్డును దగ్గరికి తెచ్చుకుని, నడుమ ఉండే గుండ్రటి కాగితం వైపు చూశాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. ఆయన ముఖం వాడిపోతూ వచ్చింది.

"ఇవేమిటమ్మా, కాగితం మీద?"

"బొట్టు సారు. పసుపు, కుంకుమ."

"అన్నిటికీ పెట్టారా?"

"అన్నిటికి వెట్టిన. ఆయుధపూజకు బొట్టు వెట్టకుంట ఎట్లుంటం సారు?"

అది మా అత్తగారు పెట్టిన ఆచారం. నేను కాపురానికొచ్చిన మొదటి దసరానాడు పసుపు కలిపిన గిన్నె నా చేతికిచ్చి, "మనకు ముద్ద వెట్టేటియి గివే బిడ్డా. ఒక్కటి గూడ ఇడిశిపెట్టొద్దు" అంది. డ్రైవరు బండికి పెడతాడు, కమ్మరి సుత్తికి పెడతాడు, నేను నా మిషన్‌కు పెట్టుకుంటాను. మైకు సెట్టు వాళ్లం, హారన్లకూ గ్రామఫోన్‌కూ పెట్టి రికార్డుల్ని వదిలేస్తామా? పొద్దున్నే తలకు పోసుకుని, దుకాణం కడిగి, ముగ్గేసి, చాప పరిచి మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. ఆయన ఒక్కో రికార్డు కవర్లోంచి తీసి, తుడిచి, నాకు అందించేవాడు. నేను ఉంగరపు వేలితో నడుమ కాగితం మీద పసుపు పెట్టి, దాని మీద కుంకుమ అద్దేదాన్ని. ఆయన అందుకుని, ఉఫ్ అని ఊది ఆరబెట్టి, మళ్లీ కవర్లో పెట్టేవాడు. ఊదుతూ ఊదుతూ కబుర్లు చెప్పేవాడు. ఇది ఏ ఊరి పెళ్లిలో వేశాడు, ఆ పెళ్లికొడుకు తాళి కట్టే వేళకు కల్లు తాగి ఎక్కడ నిద్రపోయాడు, పెళ్లికూతురి మేనమామ ఇదే పాట మళ్లీ మళ్లీ వెయ్యమని హారన్ కింద కూర్చుని ఎందుకు ఏడ్చాడు. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చేది. మధ్యాహ్నం దాటినా వంట సంగతి గుర్తుండేది కాదు. సంవత్సరమంతా ఆయన్ని తిట్టిన నోటితో ఆ పూట తిట్టినట్టు నాకు గుర్తులేదు.

హైదరాబాదు పెద్దాయనకు ఇదంతా నేను చెప్పలేదు. ఆయనే మెల్లగా చెప్పుకుపోయాడు. రికార్డు కొనేవాళ్లు పాట కోసం ఒక్కటే కొనరట, ఆ నడుమ కాగితం కోసం కూడా కొంటారట. దాని మీద అచ్చయిన అక్షరం, రంగు, ఏదీ చెరగకూడదట. మావాటి మీద ఏటేటా పడిన పసుపు పొర మీద పొర కట్టి, కొన్నిటి మీద పేరు కూడా కనిపించడం లేదు. కొన్నిచోట్ల తడికి కాగితమే ఉబ్బిపోయింది. "ఈ ఒగ్గుకథ శుభ్రంగా ఉంటే మీరు ఎంతంటే అంతిచ్చేవాణ్ణి. ఇలా ఉంటే అందులో సగం కూడా ఇవ్వలేను. నా దగ్గర కొనేవాళ్లు నన్నడుగుతారు కదమ్మా" అన్నాడు.

నాకు తిక్క రేగింది. బొట్టు పెడితే ధర తగ్గే వస్తువు ఈ భూమ్మీద ఏదైనా ఉందా? కొత్త బండికి పెడతారు, కొత్తింటి గడపకు పెడతారు, బిడ్డను చూడ్డానికొచ్చిన ముత్తయిదువకు పెడతారు. ఆ మాటే ఆయన ముఖాన అనేశాను.

పెద్దాయన కోప్పడలేదు. రికార్డును కవర్లో పెడుతూ, "ఇలాంటి బొట్టున్నవి నేను ఇదివరకు ఒకసారి చూశాను. ఇందాకటి నుంచీ అదే గుర్తు చేసుకుంటున్నాను" అన్నాడు. "చాలా ఏళ్ల కిందట సిద్దిపేట నుంచి ఒకాయన సంచీలో కొన్ని పట్టుకొచ్చాడు. సన్నగా ఉంటాడు. మాట్లాడేటప్పుడు తల కొంచెం ఎడమకు వంచుతాడు."

హారన్ పక్కన కూర్చుని కూర్చుని మా ఆయనకు ఒక చెవి సరిగా వినిపించేది కాదు. అందుకే తల వంచేవాడు.

"నేను అప్పుడే చెప్పానమ్మా. ఇకనైనా ఈ బొట్లు ఆపించు, లేకపోతే ఏడాదికేడాది ధర పోతూనే ఉంటుంది అన్నాను. నవ్వి, అన్నీ మళ్లీ సంచీలో పెట్టేసుకున్నాడు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. 'సారు, పెండ్లిల్ల సీజనంత నేను ఊర్లు వట్టుక తిరుగుత. ఇంటికొస్తె ఆమె మిషిన్ మీదికెల్లి లెవ్వది. ఏడాదిల గా దసరనాడొక్కటే పూటంత నా ముంగట కూసుంటది. ధర వోతె వోనియ్యి, గా బొట్టు మాత్రం బందు చెయ్య' అన్నాడు."

నేను లేచి ముందు సగంలోకి వెళ్లి మిషన్ దగ్గర నిలబడ్డాను. నేను ఏడుస్తున్నాననుకున్నాడు పెద్దాయన. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తెలుసన్నమాట. నా వేలి కింద ఏటేటా ధర కరిగిపోతోందని తెలిసే, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటే తుడిచి నా చేతికి అందించాడన్నమాట. పైగా అదే నోటితో నాతో ఇవే నీకు బువ్వ పెడతాయని కూడా అన్నాడు. "పసుపు కవరు మీద వెట్టరాదె, కాగితం మీదెందుకు" అని ఒక్క ముక్క అంటే నేను కాదందునా? రికార్డుకు బదులు కవరుకు పెట్టేదాన్ని, నాకేం పోయింది? అడగకుండా, చెప్పకుండా, అటు ధరనూ పోగొట్టి ఇటు నన్నూ ఆశపెట్టిన మనిషిని ఏమనాలి?

పెద్దాయనకు టీ తెప్పించి, ఆలోచించి చెబుతానని పంపించాను. ఆయన ఇస్తానన్నది మంచి ధరే కావచ్చు. దానితో నా మిషన్ మాత్రం ఆగదు.

ఆ తర్వాత వచ్చింది హోటళ్లకు గోడలు అలంకరించే పిల్ల. మా బిడ్డ పెట్టిన ఫొటోలు చూసి వచ్చింది. హైదరాబాదులో ఎవరో పాతకాలం పద్ధతిలో పెద్ద భోజన హోటల్ కడుతున్నారట. మొదటి రికార్డు తీసి చూడగానే కేక వేసింది.

"ఆంటీ, ఈ బొట్లు సూపర్! ఇలాంటివి ఎక్కడా దొరకవు. మాకు అన్నీ కావాలి. గోడ మొత్తం ఇవే పెట్టేస్తాం."

"పాటలు పెడ్తరా బిడ్డా?"

"పాటలు స్పీకర్లో వస్తాయి ఆంటీ. ఇవి గోడకే. మధ్యలో హోల్ ఉంది కదా, మేకు కొట్టడం ఈజీ."

పెద్దాయన ఇస్తానన్నదానికి చాలా పైనే చెప్పింది. పెట్టెలన్నీ చూశాక మాత్రం ఒక బస్తా దగ్గర ఆగింది. మా ఆయన మంచాన పడ్డ ఏడాది మద్దూరు నుంచి తెప్పించుకున్నవి అవి. మూతి కూడా విప్పలేదు. వాటికి బొట్లు లేవు. "వీటికి కూడా సేమ్ అలాగే పెట్టిస్తారా ఆంటీ? గోడ మీద కొన్ని బోసిగా ఉంటే బాగుండదు" అంది.

మా బిడ్డకు ఫోన్ చేసి చెబితే అది ఒప్పుకోలేదు. "అమ్మా, గోడకు మేకులు కొడ్తరటనే! గా పెద్దసారుకే ఇయ్యి, పైసలు తక్కువైనా ఆయన వింటడు. బాపు సంతోషిస్తుండె" అంది.

"మీ బాపు సంతోషం సంగతి నాకు చెప్పకు. గా సంతోషం జూస్కుంటనే నా కండ్లు వోయినయ్" అన్నాను. బువ్వ పెడతాయన్నాడు కదా, ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే. రికార్డులు పాడితే ఏం, గోడకు వేలాడితే ఏం? నేను అన్నం తినాలి.

ఒక్కటే చిక్కు. కిందటి దసరాకు, అంటే ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకు, నేను అలవాటు కొద్దీ పసుపు కలిపాను. మా తోడికోడలు వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. "అక్కా, ఇంక నువ్వు వెట్టొద్దు, మంచిగుండది" అంది. భర్త పోయిన ఆడదాని చేతి బొట్టు పనికిరాదని నాకు కొత్తగా చెప్పాలా? పక్కకు జరిగాను. ఆమె షట్టరుకో బొట్టు, నా మిషన్‌కో బొట్టు పెట్టి చేతులు దులుపుకుంది. రికార్డుల పెట్టెలు తెరవనే లేదు. నాకు ఆరోజు అన్నం సయించలేదు.

అందుకని ఈసారి నేనే ఆమెను పిలిచాను. బేరం సంగతి చెప్పి, బస్తాలోని రికార్డులకు నువ్వొచ్చి బొట్లు పెట్టిపోవాలి అన్నాను. ఆమె ఫోన్‌లోనే లెక్కేసింది. "అన్నిటికి వెట్టాల్నంటె దినమంత వడ్తది గదక్కా. నువ్వే వెట్టరాదు. పూజకా పునస్కారానికా, అమ్మేటందుకే గద" అంది. నేను నవ్వాను. ఆమెకు ఎందుకు నవ్వానో అర్థం కాలేదు.

పండుగ కాదు, పబ్బం కాదు. మామూలు మంగళవారం మధ్యాహ్నం. షట్టరు సగం దించాను. ముగ్గు వేయలేదు, తలకు పోసుకోలేదు. పసుపులో నీళ్లు పోసి ముద్ద కలిపాను, కుంకుమ డబ్బా మూత తీశాను. చాప మీద కూర్చుని బస్తా మూతి విప్పాను. దుమ్ము రేగింది. పైనున్న రికార్డు తీసి, నా కొంగుతోనే తుడిచి, నడుమ కాగితం మీద పసుపు పెట్టి, దాని మీద కుంకుమ అద్దాను. వేలికి పని ఏమీ మరుపు రాలేదు. తడి ఆరడానికి దాన్ని ముందుకు చాపి పట్టుకున్నాను. అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఎంతసేపటికీ ఎవరూ అందుకోలేదు, ఎవరూ ఊదలేదు. చెయ్యి లాగేస్తుంటే అప్పుడు నేనే దగ్గరికి తెచ్చుకుని ఊదుకున్నాను.

అప్పుడొచ్చింది ఏడుపు, దాంతోపాటే కోపం కూడా. దుకాణంలో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే తిట్టాను. నేను నీ ముందు కూర్చోవాలని ఉందన్న మాట, హైదరాబాదు దాకా బస్సెక్కి వెళ్లి, ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పుకొచ్చావు కదయ్యా. ఆ మాటేదో నాకే చెప్పి ఉంటే, మధ్యలో ఈ రికార్డులు లేకపోయినా, రోజూ మిషన్ ఆపి వచ్చి నీ ఎదురుగా కూర్చునేదాన్ని.